పోటీకి ముందు గుండె దడ

ఏబది ఏండ్ల క్రిందటి మాట. హైదరాబాదు పాతబస్తీలోని ఒక మైదానంలో బడుల మధ్య క్రీడాపోటీలు జరుగుతున్నవి. నాలుగువందల మీటర్ల పరుగు పందెం ఇంకా పది నిముషాలలో మొదలవుతుందనగా, పేరు నమోదైన పిల్లలలో ఒకడు మెల్లగా జారుకొని, గోడచాటుకు పోయి వాంతి చేసుకున్నాడు. అతడు నాకు బాగా తెలిసినవాడే. మా ఇద్దరి ఇండ్లూ గౌలిపురలోనే. సంక్రాంతి దినాలలో తెగిన పతంగి వెంట అతడు సందులలో పరుగెత్తుతుంటే పెద్దవాళ్ళు కూడ పని ఆపి చూసేవారు. మా బడిలో అతనిని దాటి పోగలవాడు లేడు.

ఆనాడు అతని తండ్రి దుకాణం మూసి, మొదటిసారిగా కొడుకు పరుగు చూడవలెనని వచ్చినాడు. పాలిపోయిన ముఖంతో, వణుకుతున్న కాళ్ళతో నిలిచిన కొడుకును చూచి ఆయనకు జాలి కలిగినది. "నీతోని గాదు బిడ్డా, ఇంటికి పోదాం పా" అని భుజం మీద చేయి వేసి తీసుకొనిపోయినాడు. ఆ మాటలో కోపం లేదు, ప్రేమయే ఉన్నది. అయినను ఆ పిల్లవాడు మరెన్నడూ పందెంలో నిలువలేదు. తనకు ధైర్యం లేదని తండ్రి అన్నాడు కాబట్టి లేదనే నమ్మినాడు.

ఆ తండ్రికిగాని, ఆ పిల్లవానికిగాని, ప్రక్కన నిలిచి చూస్తున్న నాకుగాని ఆనాడు తెలియని సంగతి ఒకటి ఉన్నది. ఆ క్షణాన అతని కాళ్ళలో బలం తగ్గలేదు, మామూలుకంటె ఎక్కువగా సిద్ధమై ఉన్నది. అతని దేహం పరుగుకు తయారగుచుండగా, మేమందరమూ దానిని రోగమనుకొన్నాము. పోటీకి ముందు ఆటగాండ్రకు కలిగే ఈ కలవరం ఏమిటి, ఎందుకు కలుగుతుంది, దానిని ఏమి చేసుకోవలెను అనే విషయాలను గురించి కొంత మనవి చేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట దేహం సంగతి చూద్దాము. 1915లో వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరశాస్త్రవేత్త బాధ, ఆకలి, భయం, ఆగ్రహం కలిగినప్పుడు దేహంలో వచ్చే మార్పులను గురించి ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆపద ఎదురైనప్పుడు ప్రాణికి రెండే మార్గాలు: ఎదిరించడం, లేదా పారిపోవడం. ఈ రెంటికీ కావలసిన సన్నాహం మాత్రం ఒక్కటే. మన ఇచ్ఛతో ప్రమేయం లేకుండ పనిచేసే నాడీమండలంలో ఒక భాగం మేల్కొంటుంది. మూత్రపిండాలమీద టోపీలవలె అమరియున్న చిన్న గ్రంథులనుండి ఎడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది. అంతటితో ఇల్లంతా పెండ్లివారి ఇల్లయిపోతుంది. ఎవరి పనిలో వారు పరుగులు పెడతారు.

గుండె వేగంగా కొట్టుకుంటుంది. కండరాలకు ఎక్కువ రక్తం అందించవలెను గదా! ఊపిరి జోరవుతుంది. ప్రాణవాయువు కావలెను గదా! కాలేయంలో నిలువయున్న చక్కెర రక్తంలోకి విడుదలవుతుంది. అది కండరాలకు ఇంధనం. కనుపాపలు విచ్చుకుంటవి. వేడెక్కబోయే దేహాన్ని చల్లబరచడానికి చెమట ముందుగానే పడుతుంది. ఇక పరుగు పందెంలో తిండి అరిగించుకొనే పని ఎవరికి కావలెను? అందుచేత జీర్ణకోశానికి పోయే రక్తం తగ్గిపోతుంది. కడుపులో దేవినట్లుండడం, తిప్పడం, ఒక్కొక్కప్పుడు వాంతి కావడం ఇందువలననే. నోటిలో లాలాజలం తగ్గి నాలుక పిడచగట్టుకొని పోతుంది. చర్మానికి పోయే రక్తం తగ్గి చేతివ్రేళ్ళు చల్లబడతవి. పని దొరకక ఎదురుచూస్తున్న కండరాలు వణుకుతవి.

చూచినారా! మనము పిరికితనానికి గురుతులని చెప్పుకొనే లక్షణాలలో ప్రతి ఒక్కటీ ఒక సన్నాహమే. బండికి ఎద్దులను కట్టినారు, కాని బండి ఇంకా కదలలేదు. ఎద్దులు కాలు దువ్వుతున్నవి. మనకు కనిపించేది ఆ కాలు దువ్వడమే.

ఈ దేహపు కలవరంతోపాటు మరొకటి కూడ ఉన్నది. అది మనసులోని చింత. "ఓడిపోతే నలుగురూ ఏమనుకుంటారు? ఇంటికి పోయి ఏమి చెప్పను? నిరుడు ఇక్కడనే గదా తప్పు చేసినాను" అనే ఆలోచనల దండ. ఈ రెంటినీ క్రీడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు వేరువేరుగా చూస్తారు. దేహపు కలవరం పోటీకి ముందు క్షణాలలో హెచ్చి, ఆట మొదలు కాగానే చాలమట్టుకు తనంతట తాను దిగిపోతుంది. మొదటి బంతి ఆడిన తరువాత, మొదటి పది అంగలు వేసిన తరువాత ఆటగాడు తేరుకొన్నాడంటాము, అది ఇదే. మనసులోని చింత అటువంటిది కాదు. అది పోటీకి ఎన్నో దినాలముందే మొదలై, ఆటలో కూడ వెంట రాగలదు. మేలుచేసే అతిథిని చూచి భయపడి తలుపు వేసుకొని, ఇల్లు గుల్లచేసే చెదపురుగును విడిచిపెట్టడం మనలో చాలమంది చేసే పొరపాటు.

ఎంత ఉద్రేకం ఉంటే మేలు? ఈ ప్రశ్నకు ఒక పాత పరిశోధన దారి చూపినది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు రెండు ద్వారాలలో సరియైనదానిని ఎన్నుకొనడం నేర్పినారు. తప్పుడు ద్వారంలో పోయిన ఎలుకకు కొద్దిపాటి విద్యుద్ఘాతం. ద్వారాల తేడా సులభంగా కనిపెట్టగలిగినప్పుడు ఘాతం బలమైనకొలది ఎలుకలు త్వరగా నేర్చుకొన్నవి. తేడా సూక్ష్మమైనప్పుడు మాత్రం మధ్యరకపు ఘాతమే మేలు చేసినది. మరీ బలమైన ఘాతం చెరుపు చేసినది. దీనినిబట్టి తరువాతివారు ఒక సామాన్య సూత్రం చెప్పుకొన్నారు. ఉద్రేకం బొత్తిగా లేకపోతే పని సాగదు, మితిమీరినా సాగదు. వీణ తంతి వదులైతే పలుకదు, మరీ బిగిస్తే తెగుతుంది.

అన్ని ఆటలకూ ఒకే బిగువు పనికిరాదు. బరువులెత్తేవానికి కావలసిన ఉద్రేకం తుపాకి గురిపెట్టేవానికి విషం. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 600కు 595 సాధించికూడ, సమానంగా వచ్చినవారిని వేరుచేసే లెక్కలో వెనుకబడి తుదిపోటీకి అర్హుడు కాలేకపోయినాడు. నాలుగేండ్ల తరువాత 2012 లండన్ ఒలింపిక్సులో అదే పోటీలో కాంస్య పతకం గెలుచుకొన్నాడు. అంత సూక్ష్మమైన తేడాలమీద ఆధారపడే ఆటలో గుండె కొట్టుకొనే అదురు కూడ గురిని కదిలించగలదు. గుండెవేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల జాతి మందులను గురికాండ్ర పోటీలలో నిషేధించినది ఇందుకే. 2008లోనే ఉత్తర కొరియాకు చెందిన కిమ్ జాంగ్ సు అటువంటి మందు వాడినాడని తేలి, తాను గెలిచిన రెండు పతకాలనూ పోగొట్టుకొన్నాడు. పిల్లలకు పోటీ దినాన "ధైర్యానికి" మాత్ర ఏదైనా వేయవలెనని తలచే తల్లిదండ్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. నియమాల మాట అట్లుంచి, వైద్యుని సలహా లేకుండ వాడితే అవి ప్రాణానికే హాని.

ఒకే ఆటలోనైనను మనుష్యులందరూ ఒక్కటి కాదు. 1898లో ట్రిప్లెట్ అనే అమెరికావాసి, సైకిలు పందెగాండ్రు ఒంటరిగా తొక్కినప్పటికంటె ప్రక్కన పోటీదారు ఉన్నప్పుడు వేగంగా తొక్కుతారని లెక్కలు చూచి, నలుబదిమంది పిల్లలచేత దారపు గిలక త్రిప్పించి పరీక్షించినాడు. పోటీలో పెట్టినప్పుడు 20 మంది పిల్లలు వేగం హెచ్చించినారు. 10 మంది తడబడి వెనుకబడినారు. తక్కిన 10 మందిలో చెప్పుకోదగిన మార్పు లేదు. నాలుగింట ఒకరు తడబడినారన్నమాట. తరువాతి కాలంలో సోవియట్ దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు యూరీ హానిన్, ప్రతి ఆటగానికీ తనదైన ఒక ఉద్రేకపు మేర ఉంటుందనీ, ఒకడు ప్రశాంతంగా ఉన్నప్పుడు బాగా ఆడితే మరొకడు రగిలిపోతున్నప్పుడు బాగా ఆడుతాడనీ చెప్పినాడు. కాబట్టి "శాంతంగా ఉండు" అనే మాట అందరికీ మందు కాదు. ఆటగాడు తాను మిక్కిలి బాగా ఆడిన దినాన తన దేహమూ మనసూ ఎట్లుండినవో జ్ఞాపకం చేసుకొంటే తన మేర తనకు తెలుస్తుంది.

ఇక మనసులోని చింత ఆటను ఎట్లు చెరుపుతుందో చూద్దాము. గృహిణులకు ఇది అనుభవంలో ఉన్నదే. తెల్లవారుజామున వాకిట ముగ్గు వేసే చేయి తనంతట తాను నడుస్తుంది. గీత ఎక్కడ వంగవలెనో వ్రేళ్ళకు తెలుసు. ఎవరైనా వచ్చి ప్రక్కన నిలిచి తదేకంగా చూడడం మొదలుపెడితే, "గీత సరిగా వస్తున్నదా?" అని మనసు వ్రేళ్ళను పరిశీలించడం ఆరంభిస్తుంది. అంతవరకు తిన్నగా వచ్చిన గీత అక్కడే వంకరపోతుంది. 1984లో రాయ్ బామీస్టర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ సంగతినే ప్రయోగాలతో చూపినాడు. అభ్యాసంచేత చేతికి వచ్చిన విద్యను, ఒత్తిడి కలిగినప్పుడు మనసు మరల తన చేతిలోకి తీసుకొన జూస్తుంది. అక్కడ చెడుతుంది. ఏండ్ల తరబడి కాలికి అలవాటైన పెనాల్టీ తన్ను ఫైనలు దినాన గోలు ప్రక్కకు పోయేది ఇట్లే.

మన సాహిత్యంలో పోటీభయానికి పేరుపొందినవాడు ఉత్తర కుమారుడు. తిక్కన విరాటపర్వం చదివినవారికి, విన్నవారికి ఆ కథ కొత్త కాదు. అంతఃపురంలో స్త్రీలముందు, సారథి లేడుగాని ఉంటే కౌరవులను ఒక్కడనే గెలుస్తానని పలికినాడు. తీరా సేనాసముద్రం కంటబడగానే రథం దూకి పారిపోయినాడు. నేటికీ "ఉత్తర కుమార ప్రజ్ఞలు" అని నవ్వుకుంటాము. కాని ఆ తరువాత జరిగినదానిని మనము అంతగా తలచుకోము. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు అతనిని వెంటాడి పట్టుకొన్నాడు. తిట్టి ఇంటికి పంపలేదు, బలవంతాన యుద్ధానికీ నెట్టలేదు. జమ్మిచెట్టు దగ్గరకు తీసుకొనిపోయి ఆయుధాలు దింపించినాడు. పగ్గాలు చేతికిచ్చి సారథ్యం చేయుమన్నాడు. అతని శక్తికి తగిన పని ఒకటి అప్పగించినాడు. పగ్గాలు పట్టిన తరువాత ఆ కుమారుడే అదే సేన ఎదుట రథం నడిపినాడు. భయపడినవానికి ఉపదేశంకంటె చేతికి పని మిన్న అని చెప్పడానికి ఇంతకంటె మంచి కథ లేదు.

ఆ అర్జునునికే కురుక్షేత్రంలో ఏమైనదో అందరికీ తెలిసినదే. అవయవాలు సడలినవి, నోరు ఎండినది, ఒడలు వణికినది, గాండీవం చేజారినది. కారణం వేరు. అది భయం కాదు, బంధువులను చంపవలసివచ్చిన విషాదం. అయినను దేహం చూపిన గురుతులు మాత్రం ఇంచుమించు అవే. దేహానికి భాష తక్కువ. భయానికీ, దుఃఖానికీ, ఉత్సాహానికీ అది ఒకే డప్పు కొడుతుంది. ఆ డప్పు పెండ్లిదా, మరొకదానిదా అని అర్థం చెప్పుకొనేది మనసు.

2014లో ఎలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ఫలితాలు ఈ విషయాన్నే బలపరుస్తున్నవి. పరులముందు పాడడం, ఉపన్యసించడం, గడియారం ఎదుట లెక్కలు చేయడం వంటి పనులకు ముందు కొందరిని "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనీ, కొందరిని "నాకు ఉత్సాహంగా ఉన్నది" అనీ తమలో తాము అనుకొమ్మన్నది. ఉత్సాహమని చెప్పుకొన్నవారే మెరుగుగా చేసినారు. దడ తగ్గినందువలన కాదు, దానికి పేరు మారినందువలన. పరుగెత్తుతున్న గుండెను ఆపజూచుటకంటె, అది పరుగెత్తే దిక్కు మార్చుట సులభం.

ఇప్పుడు మన పాతబస్తీకి సంబంధించిన ఒక మహనీయుని సంగతి చెప్పవలెను. మూసీ ఒడ్డున హైకోర్టు ప్రక్కనున్న సిటీ కాలేజీని తెలియనివారు లేరు. ఆ కాలేజీ విద్యార్థులు కూడి ఏర్పరచుకొన్న ఫుట్‌బాల్ జట్టులో యౌవనంలో ఆడినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, వృత్తిచేత బడిపంతులై, 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఏషియా క్రీడలలో స్వర్ణపతకం సాధించినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది. ఆ నడుమ 1952లో హెల్సింకిలో, అత్యధికులు ఉత్తకాళ్ళతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోల్సుతో ఓడిన అవమానం కూడ ఆయన చూచినదే.

1962 జకార్తా ఏషియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టు పరిస్థితి తలచుకొంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో మనలను ఓడించినది. థాయిలాండుతో ఆటలో రక్షణవరుసకు ఆధారమైన జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడినవి. అట్లే ఆడి, జపానునూ, దక్షిణ వియత్నామునూ గెలిచి, సెప్టెంబరు 4న తుదిపోటీకి చేరితే ఎదుట నిలిచినది మరల ఆ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెలు, తైవాను ఆటగాండ్రను రానీయకపోవడంపై భారత ప్రతినిధి జి.డి. సోంధీ ఆక్షేపించినందుకు జకార్తాలో ఆగ్రహం చెలరేగినది. మన రాయబార కార్యాలయం మీద కూడ గుంపు దాడిచేసినది. ఇంచుమించు లక్షమంది ప్రేక్షకులు నిండిన ఆ స్టేడియంలో మనవారి పట్ల సానుభూతి చూపినవారు మిక్కిలి అరుదు. ఆ జట్టులో మన జంటనగరాలవారు కూడ ఉన్నారు. గోలుకాపరి పీటర్ తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడు. తులసీదాస్ బలరాం సికిందరాబాదు ప్రాంతంవాడు.

ఇటువంటి రాత్రి ఒక శిక్షకుడు ఏమి చేయగలడు? రహీం సాహెబు, రేపు మీరు నాకొక కానుక ఇవ్వవలెను, ఆ కానుక స్వర్ణపతకం అని కోరినాడని ఆయన శిష్యులు తరువాతి కాలంలో చెప్పుకొంటూ వచ్చినారు. ఆయన దేహంలో అప్పటికే కాన్సరు పెరుగుతున్నది. తొమ్మిది నెలలు తిరిగి 1963 జూన్ 11న ఆయన కన్నుమూసినాడు. ఆయన చేసిన రెండవ పని, తలకు గాయమైన జర్నైల్ సింగును రక్షణవరుసనుండి తప్పించి ముందువరుసలో నిలుపడం. దక్షిణ వియత్నాముతో ఆటలో అట్లే చేసినాడు, తుదిపోటీలోనూ చేసినాడు. పి.కె. బెనర్జీ మొదటి గోలు చేసినాడు. కొద్ది నిముషాలకే జర్నైల్ సింగు రెండవది చేసినాడు. 2–1తో మనవారు గెలిచినారు. ఏషియా క్రీడలలో ఫుట్‌బాల్‌లో భారతదేశం మరల స్వర్ణం గెలువలేదు. ఆ పంతులుగారి జీవితంపై 2024లో "మైదాన్" అనే హిందీ చలనచిత్రం వచ్చినది.

ఈ రెండు పనులలో నాకు తోచిన అర్థం ఇది. "ఓడిపోతే ఏమి?" అనే చింతతో నిండియున్న మనసులో ఆయన మరొక తలంపును నిలిపినాడు. లక్షమంది అరుపులకు బదులు, ఒక మనిషి కోరిన కానుక. గాయపడినవానికి కొత్త పని ఇచ్చినాడు. కొత్త పని చేసేవానికి తన గాయాన్ని తలచుకొనే తీరిక ఉండదు. ఉత్తర కుమారుని చేతికి పగ్గాలిచ్చిన విద్యయే ఇది.

మనసును ఇట్లు పనిలో నిలిపే విద్య పాతబస్తీ తాలీంఖానాలలో ఏనాటినుండో ఉన్నది. కుస్తీకి దిగే పహిల్వాను మొదట వంగి అఖాడా మట్టిని తాకి నుదుట పెట్టుకొంటాడు. గుప్పెడు మట్టి ఒంటికి రాసుకొంటాడు. ఉస్తాదుకు సలాము చేస్తాడు. తొడ చరచి అడుగు ముందుకు వేస్తాడు. ఎంత పెద్ద దంగలైనా, ఎంత చిన్న సాధనయైనా వరుస మారదు. చూచేవారికి అది ఆచారం. లోపల జరిగే పని ఏమంటే, అలవాటైన వరుసలో దేహం నడుస్తుండగా మనసుకు ఇతర చింతలకు చోటు దొరకదు. ప్రతిదినం సాధన మొదలైనట్లే నేడూ మొదలైనది కాబట్టి, చేతులకు నేడు కొత్త దినమని తెలియదు. నేటి శిక్షకులు ఆటకు ముందు "నియమిత క్రమం" పాటించుమని చెప్పేది దీనినే. టెన్నిస్ ఆటగాడు సర్వీసుకు ముందు బంతిని లెక్కగా నేలకు కొట్టడం, బ్యాట్స్‌మన్ గ్లౌసు సవరించుకొనడం వట్టి చాదస్తం కాదు.

నిన్నమొన్నటి ఉదాహరణ మరొకటి. 2025 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండుతో టెస్టు క్రికెట్ పోటీ. నాలుగవ దినాన మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ సరిహద్దు దగ్గర హారీ బ్రూక్ ఇచ్చిన క్యాచి పట్టికూడ కాలు సరిహద్దు త్రాటికి తగిలించుకొన్నాడు. 19 పరుగులమీద బ్రతికిపోయిన బ్రూక్ 111 చేసినాడు. మరునాటి ఉదయం ఇంగ్లండు గెలుపుకు కావలసినవి 35 పరుగులు, చేతిలో ఉన్నవి 4 వికెట్లు. ఆ ఉదయం సిరాజ్ మామూలుకంటె ముందుగా మేల్కొని, "నమ్ము" అనే అర్థంగల మాట ఉన్న రొనాల్డో బొమ్మ నొకదానిని తన ఫోనుమీద పెట్టుకొన్నానని తరువాత తానే చెప్పినాడు. తక్కిన నాలుగు వికెట్లలో మూడు అతడే తీసినాడు. భారతదేశం 6 పరుగుల తేడాతో గెలిచినది. బొమ్మ వికెట్లు తీయదు. నిన్నటి తప్పు చుట్టూ తిరుగుతున్న మనసును నేటి పనిమీదికి త్రిప్పడానికి ఒక ఆనవాలు కావలెను, అంతే.

ఇన్ని సంగతులనుండి ఇంటిలో పనికివచ్చేవి కొన్ని ఏర్చి మనవి చేస్తాను.

మొదటిది, దడకు సరియైన పేరు పెట్టడం. పిల్లలకు పోటీ దినాన కాదు, చాల ముందుగానే, తీరికగా ఉన్నప్పుడు చెప్పవలెను: "గుండె కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతవి, కడుపులో తిప్పుతుంది. దేహం సిద్ధమవుతున్నదన్నమాట." ముందే తెలిసిన అతిథి తలుపు తట్టితే ఎవరూ ఉలికిపడరు.

రెండవది ఊపిరి. గుండెవేగాన్ని మనము ఆజ్ఞాపించలేము, ఊపిరిని ఆజ్ఞాపించగలము. కడుపు ఉబ్బేటట్లు మెల్లగా గాలి పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువసేపు వదలవలెను. ఊపిరి వదిలేటప్పుడు గుండెను నెమ్మదింపజేసే నాడి పని హెచ్చుతుంది. నాలుగంకెలు లెక్కపెట్టి పీల్చి, ఆరంకెలు లెక్కపెట్టి వదులుట సులభమైన పద్ధతి. రెండు మూడు నిముషాలు చాలు. కాని ఇది కూడ అలవాటు చేసుకొనవలసినదే. పోటీ దినాన మొదలుపెడితే పట్టుబడదు.

మూడవది, ఒక చిన్న క్రమం. బూటు త్రాళ్ళు కట్టుకొనడం, నీళ్ళు రెండు గుక్కలు త్రాగడం, చేతులు విదిలించడం, ఏదైనా కావచ్చును, వరుస మాత్రం మారరాదు. మనసులో పెట్టుకొనవలసినది ఫలితం కాదు, మొదట చేయవలసిన పని ఒక్కటే: మొదటి పది అంగలు, మొదటి బంతి, మొదటి పట్టు.

నాలుగవది, సాధనలోనే కొంత ఒత్తిడికి అలవాటుపడడం. ఎవరూ చూడని మైదానంలో మాత్రమే ఆడినవానికి జనం ఎదుట మైదానం కొత్త అవుతుంది. ఇరుగుపొరుగువారిని పిలిచి చూడుమనుట, చిన్న పందెంవేసి ఆడించుట మంచిది.

ఐదవది, నిద్ర, ఆహారం. పోటీ ముందురాత్రి నిద్ర పట్టకపోవడం చాలమందికి అనుభవమే. అంతకుముందు దినాలలో చక్కగా నిద్రపోయినవానికి ఆ ఒక్క రాత్రి కొరత సాధారణంగా పెద్ద హాని చేయదు. ఈ సంగతి తెలిసినవాడు పడుకొని నెమ్మదిగా ఉండగలడు, తెలియనివాడు నిద్ర రాలేదనే చింతతోనే అలసిపోతాడు. ఇక బరువైన భోజనం పోటీకి మూడు నాలుగు గంటల ముందే ముగించవలెను. బలం వస్తుందని బిర్యానీ పెట్టి పంపే తల్లుల ప్రేమ గొప్పదే. కాని జీర్ణకోశం సెలవు తీసుకొనే వేళకు దానికి పని అప్పగించడం ధర్మం కాదు.

ఆరవది పెద్దలకు. "తప్పక గెలవవలెను" అనే మాటా, "నీవల్ల కాదు, వదిలిపెట్టు" అనే మాటా రెండూ ఒకే గాయం చేస్తవి. మొదటిది ప్రేమను గెలుపుతో ముడిపెడుతుంది. రెండవది భయాన్ని తీర్పుగా మారుస్తుంది. "ఆడి రా, నేనిక్కడ ఉంటాను" అన్న మాట చాలు. ఓడి వచ్చిననాడు భోజనం దగ్గర మన ముఖం ఎట్లున్నదో పిల్లలు చూస్తారు. రేపటి పోటీభయం అక్కడనే పుడుతుంది, అక్కడనే పోతుంది.

అయితే ఈ మాటలకు ఒక హద్దు ఉన్నది. వారాల తరబడి నిద్రాహారాలు లేకపోవడం, ఆట పేరు వింటేనే ఏడుపు, ఊపిరాడని భయం పదే పదే కలగడం జరిగితే అది సన్నాహం కాదు, బాధ. వైద్యుని చూపించవలెను. దానిలో సిగ్గులేదు. అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో, గాలిలో ఉండగా తన దేహం ఎటు తిరుగుతున్నదో తెలియని స్థితి ఏర్పడినందున నడుమనే పలు పోటీలనుండి తప్పుకొన్నది. ఆమెను పిరికిది అన్నవారు ఉన్నారు. చికిత్స, విశ్రాంతి పొంది 2024 పారిస్ ఒలింపిక్సుకు వచ్చి మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచినది. ఎప్పుడు నిలువవలెనో, ఎప్పుడు ఆగవలెనో తెలియడం కూడ ధైర్యంలో భాగమే.

ఇక నా చిన్ననాటి స్నేహితుని మాటతో ముగిస్తాను. అతనికి ఇప్పుడు నెరసిన జుట్టు. ఈమధ్య అతని మనుమరాలు బడి పరుగుపందెంలో నిలిచినది. నేనూ వెంట పోయినాను. పందానికి ముందు ఆ పిల్ల వచ్చి తాత చేయి పట్టుకొన్నది. ఆ చేయి మంచువలె ఉన్నది. "తాతా, కడుపుల తిప్పుతున్నది. నేను ఉరకను" అన్నది.

అతడు కొంతసేపు మాటాడలేదు. ఏబది ఏండ్ల క్రిందటి గోడ అతనికి కనబడుతున్నదని నాకు తెలుసు. తరువాత నేలమీద గొంతుకూర్చుండి, ఆ పిల్ల బూటు త్రాడు విప్పి మరల కట్టినాడు. "మంచిదే బిడ్డా. నీ కాళ్ళు తయారైనయని కడుపు చెప్తున్నది. మెల్లగ ఊపిరి వదులు. పది అంగలు ఉరుకు చాలు, తర్వాత కాళ్ళే చూసుకుంటయి. నేనీడనే ఉంట" అన్నాడు.

ఆ పిల్ల ఉరికినది. ఎన్నవదిగా వచ్చినదో చెప్పనవసరం లేదు. గీత దాటి వచ్చిన తరువాత, వచ్చే పందెం ఎప్పుడని అడిగినది.